సైరన్ గది

"ఎవరు పట్టించిన్రో శుక్రవారం లోపల నాకు తెల్వాలె మేడం," అంటూ వచ్చిన నమ్రత కుర్చీలో కూర్చోలేదు. తలుపు సరిగ్గా పడిందా లేదా అని మళ్లీ మళ్లీ వెనక్కి చూసింది.

తలుపు వేసింది సుప్రజే. పగలు ఆసుపత్రి ల్యాబులో పనిచేసే సుప్రజ, సాయంత్రాలు మెహరున్నిసాకు సహాయకురాలు. మెహరున్నిసా హైదరాబాదులో పోలీసు ఇన్‌స్పెక్టరుగా చేసి, భర్త ఉద్యోగం కోసం రియాద్ వచ్చిన కర్నూలు మనిషి. ఊరికే కూర్చోవడం చేతగాక ఆడవాళ్ల కేసులు చూసిపెడుతోంది. బోర్డు లేదు, పర్మిట్ అంతకన్నా లేదు. ఆవిడ కళ్లుగప్పే నిజం ఇంకా పుట్టలేదని సుప్రజ నమ్మకం. ఆ మాట ఆవిడ ముందు అంటే మాత్రం చివాట్లు తప్పవు.

"మొదట్నుంచి చెప్పమ్మా," అంది మెహరున్నిసా.

నమ్రతది కరీంనగర్, నర్సు. తొంభై ఒకటిలో గల్ఫ్ యుద్ధం వచ్చి క్షిపణులు పడుతున్నప్పుడు, నర్సుల హాస్టల్లో కింది అంతస్తు స్టోరు గదిని అందరూ తలదాచుకునే చోటుగా మార్చారు. విషవాయువు రాకుండా హాస్టల్లోని కిటికీలన్నిటికీ వెడల్పాటి టేపు అంటించారు. సైరన్ మోగితే అందరూ ఆ గదిలోకే.

"లడాయి అయిపోయినంక గూడ కొందరం అక్కడ కూసునుడు బంద్ చెయ్యలే. బేస్తారం నాడు క్యాసెట్లు పెట్టుకునేటోళ్లం. మాతోటి నర్సు ముబష్షిరా ద్రాక్ష రసంల ఈస్టేసి మందు తయారు చేసేది. నవ్వులాటకు దానికి బార్ అని పేరు పెట్టుకున్నం. అక్కడికొచ్చేటోళ్లు..." నమ్రత ఆగిపోయింది.

"ఆడవాళ్లను ప్రేమించే ఆడవాళ్లు," అని మెహరున్నిసాయే పూర్తిచేసింది, టీలో చక్కెర ఎంత అని అడిగినంత మామూలుగా. సుప్రజ మాత్రం లేచి తలుపు గడియ కూడా పెట్టింది.

నమ్రత, షహజాదీ అక్కడే ఒకరికొకరు దొరికారు. షహజాదీది కడప, అదే ఆసుపత్రిలో ఎక్స్‌రే టెక్నీషియను. తొంభై మూడులో ఒక గురువారం, పొద్దు వాలే వేళ, వార్డెన్ నేరుగా వచ్చి ఆ గది తలుపే కొట్టింది. వెనక తలుపులోంచి అందరూ జారుకున్నారు. మందు డబ్బా చేతిలో పట్టుకుని ముబష్షిరా ఒక్కతే దొరికిపోయింది. ఎవరి పేరూ చెప్పకుండా తప్పంతా నెత్తిన వేసుకుని, ఉద్యోగం పోగొట్టుకుని ఇండియా వెళ్లిపోయింది. గదికి తాళం పడింది.

"షహజాదీ గంతకు జరంత ముందే బయటికి పోయింది మేడం, ఇప్పుడే వస్తనని. సూస్తే వెనక దొడ్లె వార్డెన్‌తోని ముచ్చట పెట్టుకుంట నిలబడ్డదట. హాస్టల్ దర్వాజ కాడ కావలుండే మదార్బీ సూసింది. ఎందుకని షహజాదీని అడిగితే నోరు ఇప్పలే. అందరు దాన్ని ఎలేసిన్రు. నేను గూడ. రెండేండ్లాయె మాట్లాడక. శుక్రవారం ఫైనల్ ఎగ్జిట్ మీద, ఇగ మల్ల రాకుండ, ఇండియాకు పోతున్నది. అది చెయ్యలేదంటే కాళ్లు పట్టుకుంట. చేసిందంటే మొకం గూడ చూడ."

"ఆ గది బాగోగులు ఎవరు చూసేవాళ్లు?"

"నేనే," అంది నమ్రత, ఆ దుఃఖంలోనూ కొంచెం గర్వంగా. "మిగిలిన రూములల్ల టేపు ఒక్క ఎండకాలానికే ఎండి రాలిపోయింది. మా గదిల పాట, వాసన బయటికి పోకుండ నేను మారుస్తనే ఉంటి. వార్డెన్ రాకముందు రోజు గూడ కొత్తది ఏసిన."

మెహరున్నిసా హాస్టలు చిరునామా రాసుకుంది.

మర్నాడు మెహరున్నిసా, సుప్రజ హాస్టలుకు వెళ్లారు. వెనక దొడ్డివైపు కిటికీలన్నీ పడమటి ముఖం. గాజు మీద పాత జిగురు మరకలు తప్ప ఏమీ లేవు. స్టోరు గది కిటికీకి అడ్డంగా ఒక తీగ, దొడ్డి మధ్యలో ఇంకో తీగ, బట్టలు ఆరేయడానికి.

"వార్డెన్ రోజూ ఇటు వచ్చేదా?" అని మెహరున్నిసా మదార్బీని అడిగింది.

"యాడొచ్చాదమ్మా! ఆ పొద్దు నీళ్ల ట్యాంకు చూసేకి వచ్చింది. షహజాదీ ఆమెను మాటల్లో పెట్టుకోని నిలబడింది."

"అంతకు ముందు షహజాదీ ఏం చేస్తోంది?"

"నా దుప్పటి పాడు చేసింది!" అంది మదార్బీ, నిన్న జరిగినంత మంటగా. "బకెట్లో తడి దుప్పటి పెట్టింటి. చెప్పా పెట్టకుండా ఎత్తకపోయి ఆరేసింది. నడిమి తీగంతా ఖాళీగుంటే, ఈ గోడ పక్క తీగ మీదనా ఏసేది? దుప్పటంతా సున్నమే!"

దారిలో సుప్రజ ఉండబట్టలేకపోయింది. "అయితే షహజాదీయేనాండీ మేడం?"

"తన గుడ్డ కాని గుడ్డను అంత హడావుడిగా ఎవరైనా ఎందుకు ఆరేస్తారు? అది ఆలోచించు."

సుప్రజ ఇల్లు చేరేదాకా బుర్ర బద్దలుకొట్టుకుంది. ఏమీ తట్టలేదు.

బుధవారం సాయంత్రం మెహరున్నిసా ముగ్గురినీ తన ఇంటికి పిలిపించింది. మదార్బీ సోఫా అంచున కూర్చుంది. షహజాదీ గుమ్మం దగ్గరి కుర్చీ వదల్లేదు. నమ్రత ఆమె వైపు చూడలేదు.

"ఆ గదిని ఎవరూ పట్టించలేదు," అని మొదలుపెట్టింది మెహరున్నిసా. "అప్పటికి యుద్ధం అయి రెండేళ్లు. అన్ని కిటికీల మీదా మరకలే మిగిలాయి. ఎవరూ వాడని స్టోరు గదికి మాత్రం నిగనిగలాడే కొత్త టేపు. పడమటి ఎండ పడి అది మెరిసింది. ట్యాంకు చూడటానికి వచ్చిన వార్డెన్ కంట పడింది. ఈ గదికి ఇప్పుడు టేపు ఎవరు వేస్తున్నారు, ఎందుకు వేస్తున్నారు? ఆ అనుమానమే ఆమెను ఆ తలుపు దగ్గరికి తీసుకెళ్లింది."

ఆ టేపు వేసిన తన చేతులనే చూసుకుంది నమ్రత.

"చాలు మేడం!" షహజాదీ లేచి నిలబడింది.

"కూర్చోమ్మా. నువ్వు బయటికొచ్చి ఆ మెరుపు చూశావు. వార్డెన్ రావడమూ చూశావు. చేతికందిన తడి దుప్పటి తెచ్చి కిటికీకి అడ్డం వేశావు. అదీ చాలదేమోనని ఆమెను మాటల్లో పెట్టావు. కానీ ఆమె అప్పటికే చూసేసింది."

"మరి రెండేళ్లూ ఎందుకు చెప్పలేదండీ?" సుప్రజ నోరు జారింది.

"ఎట్ల చెప్పేది?" అంది షహజాదీ. "ముబష్షిరా బతుకు తన చేతుల మీదనే పాడయిందని తెలిస్తే ఇది తట్టుకుంటాదా? నన్ను తిట్టుకుంటే తిట్టుకోనీలే అనుకున్న్యా. ఎట్లా పోయేదాన్ని, ఆ నింద నాతోనే పోయుండు. మీరు చెప్పేస్తిరి."

"ఆమె నన్ను అడిగింది నిజం చెప్పమని," అంది మెహరున్నిసా, గొంతు మారకుండా. మొదటిసారి సుప్రజకు ఆవిడ మీద కోపం వచ్చింది.

నమ్రత లేచి వెళ్లి షహజాదీ కాళ్ల దగ్గర కూలబడింది. షహజాదీ కాళ్లు వెనక్కి లాక్కుంది. పాస్‌పోర్టు మీద ఎగ్జిట్ ముద్ర పడిపోయింది. దాన్ని వెనక్కి తిప్పే దారి లేదని ఆ గదిలో అందరికీ తెలుసు.

"నేను గూడ ఎగ్జిట్ పెడ్త," అంది నమ్రత చివరికి. "నేనొచ్చేదాక ముబష్షిరా తానికి పోకు. ఎవరివల్ల ఆగమయిందో నేనే చెప్త."

షహజాదీ నమ్రతను రెక్క పట్టి లేపింది.

"ఒక్కదానివి చెప్పల్యావులే. ఇద్దరం పోదాం," అంది. "మళ్లా మనం రూము తీసుకుంటే, కిటికీకి మాత్రం టేపు కొనాకు."