పేపర్లో పడని పదకొండు సెకన్లు

కాంతమ్మకి చదువు రాదు. అయినా పొద్దున్నే పేపరు వినకపోతే ఆవిడకి టీ గొంతు దిగదు. కొడుకు ప్రవీణ్ కుమార్ ఓ దినపత్రికకి మండల విలేకరి కాబట్టి చదివి వినిపించే పని అతనిది. పేపర్లో పడితే జరిగినట్టు, పడకపోతే జరగనట్టు. ఇదీ ఆవిడ నమ్మకం. మండలంలో సగం మంది నమ్మకమూ అదే కనక ఆవిణ్ణొక్కదాన్నీ అని లాభం లేదు.

ఆ రోజు జిల్లా పేజీల్లో రాజోలులో బట్టల షాపు ప్రారంభాన్ని నాలుగు కాలమ్‌ల వార్తగా వేశారు. కొత్తపేట దగ్గర ఎవరి తోటలోనో అరటిగెల మనిషంత ఎత్తు పెరిగిందని దానికీ ఫొటో వేశారు.

"మరి చెల్లిదో?" అంది కాంతమ్మ.

"ఇవాళా పడలేదమ్మా," అన్నాడు ప్రవీణ్ పేజీ తిప్పుతూ.

చెల్లెలు ఝాన్సీ బెంగళూరులో ఓ చిన్న పరిశోధనశాలలో ఆరేళ్లు పనిచేసింది. కిందటి నెల వాళ్లు పంపిన చిన్న ఉపగ్రహం ఎండని కరెంటుగా మార్చి, తరంగాల రూపంలో నేల మీదకి పంపింది. ఇక్కడ గింజంత బల్బు వెలిగింది. ఆ సంగతి చెబుదామని విలేకరుల్ని పిలిస్తే, ఎవరో సినిమావాళ్ల పెళ్లని ఒక్కరూ రాలేదు. ఇంత గొప్పదైతే ఏ చానలూ ఎందుకు చూపించలేదని పెట్టుబడి పెట్టినవాళ్లు పని ఆపేశారు. ఝాన్సీ రెండు బ్యాగులతో ఇంటికొచ్చి పది రోజులైంది.

కాంతమ్మ ఊరుకోలేదు. చర్చి పెద్దని పట్టుకుని అమలాపురంలో ఓ ప్రైవేటు జూనియర్ కాలేజీలో కూతురికి ఉద్యోగం చూసింది. ఇవాళ పదింటికి చేరాలి.

"చీర కట్టుకోవే. బస్సు వెళ్లిపోతే మళ్లీ ఆటోలు పట్టుకోవాలి."

"నేను చేరనమ్మా. మా వాళ్లిద్దరు ఓ షెడ్డులో మళ్లీ మొదలుపెడుతున్నారు. వస్తానో రానో ఇవాళ చెప్పెయ్యాలి. ఏడాది వరకూ జీతం ఉండదు."

అప్పుడే కాలేజీ నుంచి ఫోన్ వచ్చింది. కాంతమ్మ గొంతు తేనెలో ముంచినట్టు మారిపోయింది. "ఆయ్, నమస్కారమండీ. పదింటికల్లా వచ్చేస్తుందండీ. ఆయ్." ఫోన్ పెట్టేసి కూతురి మీదకి లేచింది.

"జీతం లేని ఉద్యోగమేంటే? అంత గొప్ప పనే చేస్తే అరటిగెలకి వేసినపాటి వార్త నీకు వెయ్యరా? మీ అమ్మాయిని ఎందుకు తీసేసేరని చర్చిలో ఆడవాళ్లు అడుగుతుంటే తల ఎత్తుకోలేకపోతున్నాను."

ఝాన్సీ అన్న వైపు తిరిగింది. "నేను రాసిచ్చిన వార్త మీ పేపరుకి పంపేవా అన్నయ్యా?"

"పంపేనన్నాను కదా."

"ఎవరికి పంపేవు? పేరు చెప్పు, నేనే ఫోన్ చేస్తాను."

ప్రవీణ్ పేపరు మడిచి పక్కన పెట్టాడు. "పంపలేదు. ఆకాశం నుంచి కరెంటంటే డెస్క్‌లో నవ్వుతారని భయపడ్డాను. అసలు... నేనే నమ్మలేదే చెల్లీ."

అన్ని రోజులూ ఝాన్సీ లోకంలో ఉన్న పత్రికలన్నిటినీ తిట్టుకుంది. తీరా చూస్తే వార్త సొంత ఇంటి గుమ్మమే దాటలేదు.

"చూసేవా? తోడబుట్టినవాడే నమ్మలేదు," అంది కాంతమ్మ. "పేపర్లో పడనిది ఎవరు నమ్ముతారే?"

"పడిందల్లా నిజమేనా? నాన్న మందు తాగి స్తంభం ఎక్కేడని పడింది కదమ్మా. అదీ నిజమేనా?"

ఆ మాట అన్నాక ఝాన్సీకే భయమేసింది. ఆ ఇంట్లో పన్నెండేళ్లుగా ఎవరూ ఎత్తని మాట అది.

కాంతమ్మ భర్త ఇస్సాకు కరెంటు లైన్‌మన్. గాలివాన మర్నాడు సప్లై ఆపించుకునే స్తంభం ఎక్కాడు. పని అవకముందే సబ్‌స్టేషన్‌లో ఎవరో చూసుకోకుండా సప్లై వేసేశారు. 'మద్యం మత్తులో లైన్‌మన్ మృతి' అని తెల్లారి పేపర్లో వచ్చింది. దాన్ని ఎవరూ సరిదిద్దలేదు. ఇంకే ఇంటికీ అలాంటి అన్యాయం జరగనివ్వకూడదనే ప్రవీణ్ విలేకరి అయ్యాడు. ఇప్పుడు చెల్లెలి ముఖంలోకి చూడలేక నేల చూస్తున్నాడు.

కాంతమ్మ కుర్చీలో కూలబడింది. కూతురి వైపు తిరిగి అడిగింది.

"ఎంతసేపు వెలిగిందే?"

"పదకొండు సెకన్లు."

"తీగ లేకుండానే?"

"లేకుండానే."

"అయితే ఇక ఎవరూ స్తంభాలు ఎక్కక్కర్లేదా?"

అవునని ఓ మాట అనేస్తే తల్లికి ఎంత ఊరటో ఝాన్సీకి తెలుసు. కానీ అబద్ధం నోటికి రాలేదు. "ఎక్కాలమ్మా. కరెంటు కిందకి దిగేక ఇంటింటికీ తీగల మీదే వెళ్లాలి. అసలిది నేను బతికుండగా ఊళ్లకి వస్తుందో లేదో కూడా చెప్పలేను."

ఊరట కోసమైనా అబద్ధమాడని పిల్ల చెప్పేది నిజమే అయ్యుంటుందనిపించింది కాంతమ్మకి. "ఒరే ప్రవీణూ, చెల్లి రాదని ఆ కాలేజీవాళ్లకి చెప్పెయ్," అంది. తర్వాత ఝాన్సీని దగ్గరికి పిలిచింది.

"ఆ రోజు ఆయన్ని తెచ్చి అరుగు మీద పడుకోబెట్టేక, నేను నోటి దగ్గర ముఖం పెట్టి చూసేనే. ఏ వాసనా లేదు."

"మరి ఇన్నేళ్లూ చెప్పలేదేంటమ్మా?"

"తెల్లారి పేపర్లో వేసేరుగా. అంత పెద్ద అక్షరాలతో వేసేరంటే, నాకు తెలీకుండా తాగేరేమో అనుకున్నాను. పోయినవాళ్ల కోసం ప్రార్థన చెయ్యకూడదని పాస్టరుగారు అంటారని ఎవరికీ వినపడకుండా మనసులోనే అడిగేదాన్ని. తాగి చచ్చిపోయిన పాపం క్షమించి ఆయన్ని నీ దగ్గర చేర్చుకో ప్రభువా అని. ప్రతి ఆదివారం."

ప్రవీణ్ లేచి గోడ వైపు తిరిగి నిలబడ్డాడు.

కాంతమ్మ కూతురి చెయ్యి గట్టిగా పట్టుకుంది. "ఆయన చెయ్యని తప్పు నేనే దేవుడి ముందు ఒప్పుకున్నానే. పన్నెండేళ్ల ప్రార్థన ఇప్పుడెలా వెనక్కి తీసుకోను?"

ఝాన్సీ తల్లిని కావలించుకుని ఏడ్చింది.