పేము కుర్చీ దగ్గర ముగ్గురు

ఆదివారం పొద్దున్నే సోలెదాద్ పేము కుర్చీని వరండాలోకి లాగి తడిగుడ్డతో తుడవడం మొదలుపెట్టింది. నెమలి పురి విప్పినట్టు వీపంతా విచ్చుకున్న ఆ కుర్చీ ఏడాది పొడవునా బియ్యం బస్తాకి ఆసరాగా, పిల్లికి మంచంగా బతుకుతుంది. ఇంట్లో బిడ్డకి బాప్తిస్మం అనగానే దానికి రాజయోగం పట్టేస్తుంది. ఆ కుటుంబంలో తల్లయిన ప్రతి ఆడదీ బిడ్డని ఒళ్లో పెట్టుకుని అందులో కూర్చుని ఫొటో దిగాల్సిందే.

ఇవాళ ఆమె కూతురు హనీలెట్ వంతు. మనవరాలు తేయాకి నిన్నటితో ఏడాది నిండింది. బాప్తిస్మం, పుట్టినరోజు కలిపి ఒకే భోజనంతో కానిచ్చేస్తున్నారు. గురువారం హనీలెట్ తైవాన్‌లో ఫ్యాక్టరీ పనికి విమానం ఎక్కుతుంది. మళ్లీ రావడం రెండేళ్లకే. తేయా అమ్మమ్మ దగ్గరే ఉంటుంది.

"ఇనాయ్, ఇవాళైనా నా పక్కన నిలబడతావా?" అంది హనీలెట్ తల్లితో, పాపకి గంజి పడుతూ.

"వంటెవరు చూస్తారే? మీ టీటో డెల్ఫిన్ ఫొటో అంటే గంటసేపు నిలబెడతాడు" అంది తల్లి, కుర్చీ మీంచి చూపు తిప్పకుండా.

ఈ జవాబు హనీలెట్‌కి కొత్త కాదు. తేయాని ఆసుపత్రి నుంచి తెచ్చిన రోజు ఫొటోకి రమ్మంటే జుట్టు దువ్వుకోలేదంది. క్రిస్మస్‌కి రమ్మంటే చెల్లెలి కూతురు గ్లెండాని, గ్లెండా మొగుణ్ని కూడా చెయ్యి పట్టుకుని లాక్కొచ్చింది. మన ముగ్గురం చాలని హనీలెట్ అనేసరికి, పొయ్యి మీద ఏదో మాడుతోందంటూ లోపలికి పోయింది. ఏమీ మాడలేదు. హనీలెట్ వెళ్లి మూత తీసి చూసింది కూడా. తేయా తండ్రి బిడ్డ పుట్టకముందే చెప్పాపెట్టకుండా జారుకున్నాడు. ఆ ఖాళీని చుట్టాలతో కప్పిపుచ్చాలని అమ్మ చూస్తోందని ఆ రోజే ఆమె మనసులో ముల్లు దిగింది.

మధ్యాహ్నానికి ఇల్లు నిండింది. కాల్చిన పంది చర్మం కోసం పెద్దవాళ్లే పిల్లల్లా పోటీ పడుతున్నారు. పాప ముద్దుగా ఉందని నోరు జారిన పొరుగావిణ్ని సోలెదాద్ వదల్లేదు. దిష్టి పోవడానికి వేలికి ఉమ్మి తడి చేయించి, పాప పొట్టకి రాయించి మరీ పంపింది.

సోలెదాద్ తమ్ముడు, హనీలెట్ టీటో అని పిలిచే మేనమామ డెల్ఫిన్ కెమెరా మెడలో వేసుకుని వచ్చాడు. ఒకప్పుడు బజారులో ఆయనకి స్టూడియో ఉండేది. అది ఎప్పుడో మూతపడింది కానీ ఆయన పద్ధతి మారలేదు. పిల్లల ముందు తాళాల గుత్తి ఆడిస్తాడు. అన్ని కళ్లూ కెమెరాలోకి వచ్చేదాకా మీట నొక్కడు. ఇంట్లో ఫొటోల గోడ చూపించి, దిక్కులు చూసేవాళ్లకి ఈ గోడ మీద చోటు లేదంటాడు.

ఆ గోడంటే హనీలెట్‌కి ప్రాణం. ఎర్రబారిన ఫొటోల్లో అదే కుర్చీ, అందులో ఎంతమంది తల్లులో. ఇరవై రెండేళ్ల సోలెదాద్ ఒళ్లో గుండుతో తను, పక్కన తల నున్నగా దువ్వుకున్న తండ్రి. ఆయన పోయి పదేళ్లయినా ఆ నవ్వు అక్కడే ఉంది. చిన్నప్పుడు ఆ గోడ కింద కూర్చునే చుట్టరికాలన్నీ నేర్చుకుంది. తను దూరదేశంలో ఉన్నప్పుడు మా అమ్మేదని తేయా అడిగితే, ఆ గోడే చూపించాలి. పక్కన అమ్మమ్మ కూడా ఉండాలి. ఆమె కోరిందల్లా అదే.

ముందు గ్లెండా కూర్చుంది, మూడు నెలల బాబుతో. ఒక పక్క మొగుడు నిలబడ్డాడు. రెండో పక్కకి సోలెదాద్ ఎవరూ పిలవకుండానే వచ్చి, చేతులు తుడుచుకుని, నవ్వు మొహంతో నిలబడింది. ఫొటో అయింది. హనీలెట్ తేయాతో కుర్చీ దగ్గరికి వచ్చేసరికి ఆవిడ లేదు. పిలిస్తే వంటింటి గుమ్మంలోంచి గరిటె చూపించింది, నూడుల్స్ అడుగంటుతున్నాయని.

"గ్లెండా ఫొటోకి అడుగంటలేదా?" అంది హనీలెట్.

గొంతు పెంచలేదు. అయినా పళ్లేల చప్పుడు ఆగిపోయింది.

"నీకు సిగ్గని చెప్పెయ్ ఇనాయ్. తండ్రి లేని పిల్లతో గోడకెక్కడం నామోషీ అని చెప్పెయ్. దాన్ని నీ చేతిలో పెట్టి వెళ్తున్నాను. నేను లేనప్పుడు కూడా దాన్నిట్లాగే దూరం పెడతావా?"

సోలెదాద్ ఏదో అనబోయింది. కూతురి మొహం చూసి, గరిటె కింద పెట్టి లోపలికి వెళ్లిపోయింది.

డెల్ఫిన్ మేనకోడల్ని భుజం పట్టి గోడ దగ్గరికి నడిపించాడు. ఒక్కో ఫొటోలో ఎంతమందున్నారో లెక్కపెట్టమన్నాడు. నలుగురు. నలుగురు. ఐదుగురు. సోలెదాద్ చెయ్యి పట్టుకుని వేలాడుతున్న ఎవరి పిల్లో కలిపి మళ్లీ నలుగురు. తన చిన్నప్పటి ఫొటోలో కూడా కుర్చీ వెనక నాయనమ్మ ఉంది. ముగ్గురున్న ఫొటో ఒక్కటీ లేదు.

ముగ్గురు ఫొటో దిగితే నడుమనున్నవాళ్లు ముందు పోతారన్న మాట ఆ ఊళ్లో పిల్లలకి కూడా తెలుసు. హనీలెట్‌కీ తెలుసు.

"చంటిదాన్ని ఎవరు లెక్కపెడతారు టీటో?"

"నేనూ అదే అన్నాను" అన్నాడు డెల్ఫిన్. పర్సులోంచి అంచులు చిరిగిన ఫొటో తీశాడు. ఇదే కుర్చీలో ఒకమ్మాయి. ఒక పక్క వాళ్లమ్మ. రెండో పక్క కుర్చీ చెయ్యి పట్టుకుని నిలబడిన ఏడాది పాప. "మా చెల్లి లూసింగ్. ఆ పాప మన గ్లెండా. ముగ్గురయ్యారురా అని మా అమ్మ అంటే, పాప కూడా మనిషేనా అని నవ్వాను. తొమ్మిది నెలలకి లూసింగ్ జ్వరంతో పోయింది. ఫొటో వల్ల పోయిందని నేననుకోను. మీ అమ్మ మాత్రం అప్పట్నుంచీ లెక్కపెడుతూనే ఉంది. కుర్చీలో నడుమ కూర్చునేది నువ్వు. గురువారం విమానం ఎక్కేదీ నువ్వే."

"నాకొక్క మాట చెప్పొచ్చుగా."

"ప్రయాణం పెట్టుకున్నదానితో ఆ మాట ఎట్లా అంటుంది?"

 క్రిస్మస్ నాడు అమ్మ ఎందుకంత కంగారుగా గ్లెండాని లాక్కొచ్చిందో హనీలెట్‌కి ఇప్పుడు అర్థమైంది. ఇంతమంది ముందు తను ఎంత మాట అనేసింది.

అప్పుడే సోలెదాద్ బయటికి వచ్చింది. చర్చికి వేసుకెళ్లే నీలం గౌను తొడుక్కుంది, జుట్టు దువ్వుకుంది. కళ్లు ఎర్రగా ఉన్నాయి.

"ఇనాయ్, వద్దులే. ఫొటో వద్దు" అంది హనీలెట్.

ఆవిడ వినిపించుకోలేదు. నేరుగా వెళ్లి కుర్చీలో కూర్చుంది. కొత్త తల్లులకి తప్ప ఎవరికీ ఇవ్వని కుర్చీ అది. తేయాని ఒక పక్క నిలబెట్టి, బుల్లి చేతిని కుర్చీ చేతి మీద పెట్టింది. రెండో పక్కన కూతురికి చోటు చూపించింది.

డెల్ఫిన్ కెమెరా దించేశాడు. "అక్కా, నడుమ నువ్వున్నావు."

"నాకు కళ్లు లేవా? తియ్యి."

"లే ఇనాయ్, నేను కూర్చుంటాను" అంది హనీలెట్.

"చిన్నప్పట్నుంచీ నీకు అన్నిట్లో నా చోటే కావాలి. నిలబడు." సోలెదాద్ కూతురి చెయ్యి అందుకుని ఒళ్లో పెట్టుకుంది. "నువ్వొచ్చేది రెండేళ్లకేగా. అప్పటిదాకా నేనెక్కడికీ రానని లోపల దేవుడికి ఇప్పుడే చెప్పి వచ్చాను. పిల్లని పెంచే పనుంది నాకు. ముగ్గురమే కావాలన్నావుగా, ఇదిగో ముగ్గురం."

డెల్ఫిన్ తాళాల గుత్తి ఆడించాడు. తేయా ఇటు చూసింది. సోలెదాద్ గడ్డం ఎత్తి, నిటారుగా కూర్చుని కెమెరాలోకి చూసింది.

ఆ ఫొటో ఇప్పుడు గోడ మీద ఉంది. అందులో హనీలెట్ కెమెరా వైపు చూడటం లేదు, అమ్మ వైపు చూస్తోంది. డెల్ఫిన్ ఇంకొకటి తీస్తానని అనలేదు.