చిక్కు వేసిన చెయ్యి

అమ్మ గౌరికి ఒక జడ వేసి, రెండో వైపు చిక్కు తీస్తుండగా తాత ఉప్పుటేటి నుంచి తిరిగొచ్చాడు. బుట్టలో ఒక్క చేపా లేదు. వెంట పక్కింటి ఎర్రన్న మావ ఉన్నాడు.

తాత పేరు సూరయ్య. విసురు వల వేయడంలో ఆ వాడలో ఆయన పెట్టింది పేరు. ఆయన విసిరితే వల గొడుగులా విచ్చుకుని నీళ్ళ మీద పడుతుంది. ఈ పొద్దు మాత్రం ముద్దలా దబ్బున పడిందట. ఏట్లో ఉన్నవాళ్ళంతా నవ్వారట.

“నిన్న నానే సరిగ్గా మడిసుండను, కుమారీ,” అన్నాడు అమ్మతో. “కళ్ళు ఆనడం లేదు. సేతులు మాటినడం లేదు. ఇంక ఈ వల ఎర్రన్నకిచ్చెత్తాను.”

గౌరి తేలు కుట్టిన దొంగలా కూర్చుంది. తాత ఏ తప్పూ చేయలేదని ఆమె ఒక్కదానికే తెలుసు.

నిన్న స్కూల్లో అరుణశ్రీ మేడమ్ ‘అన్‌టాంగిల్’ అనే మాట నేర్పింది. చిక్కుపడ్డదాన్ని ఓపిగ్గా విడదీయడమని అర్థం చెప్పింది. రేపు తలా ఒక చిక్కుపడ్డ వస్తువు తెచ్చి, అందరి ముందూ విప్పి, ఆ మాటతో ఒక వాక్యం చెప్పాలంది. శ్రావణి ఇయర్‌ఫోన్స్ తెస్తానంది. గౌరికి తాత వల గుర్తొచ్చింది. వల విప్పితే క్లాసంతా చప్పట్లు కొట్టదూ!

తీరా చూస్తే వలలో చిక్కే లేదు. తాత దాన్ని చక్కగా మడిచి కొయ్యకు తగిలించాడు. అందుకని ఆయన సాయంత్రం టీకి వెళ్ళినప్పుడు గౌరే చిన్న చిక్కు వేసింది. కొరివితో తల గోక్కోవడమంటే అదే. విప్పబోయి లాగింది. లాగినకొద్దీ బిగిసింది. అంచున ఉండే సీసం గుళ్ళు దారాల్లో దూరి మరీ మెలిపడ్డాయి. భయమేసి, చిక్కు కనబడకుండా చుట్టి, మళ్ళీ కొయ్యకు తగిలించేసింది. తాత పొద్దున్నే చీకట్లో దాన్ని అలాగే తీసుకెళ్ళాడు.

ఎర్రన్న మావ మొహమాటపడుతూనే వల భుజాన వేసుకుని వీధిలోకి నడిచాడు. తాత అటు చూడలేక తల తిప్పుకున్నాడు. గౌరికి తల కొట్టేసినట్టయింది. చెబితే తన పరువు పోతుంది. చెప్పకపోతే తాత వల పోతుంది.

అమ్మ చేతిలోంచి జుట్టు లాక్కుని, ఒంటి జడతోనే వీధిలోకి పరిగెత్తి వల పట్టుకుంది.

“అట్టుకెళ్ళకు మావా. తాతా, నీ సేతులు బాగానే ఉన్నాయి. సిక్కు నానే ఏసాను.”

ఎందుకు వేసిందో కూడా నేల చూస్తూ చెప్పింది. తాత తిట్టలేదు. చాలాసేపు తన చేతులకేసి చూసుకున్నాడు. ఒక దెబ్బ వేసినా ఇంత బాధ ఉండేది కాదనిపించింది గౌరికి.

తర్వాత ఆయన వల అరుగు మీద పరిచి, ఆమె వేలు పట్టుకుని ఒక సీసం గుండు మీద పెట్టాడు.

“లాగకు. ఇది ఎటునుంచి దూరిందో సూడు. అటేపే ఎనక్కి తియ్యి,” అన్నాడు.

స్కూలు వేళయ్యేసరికి ఒక మూల మాత్రమే విడింది.

క్లాసులో శ్రావణి ఇయర్‌ఫోన్స్ విప్పింది. అందరూ చప్పట్లు కొట్టారు. గౌరి వంతు వచ్చింది. ఖాళీ చేతులతో లేచింది.

“ఐ టాంగిల్డ్ మై గ్రాండ్‌ఫాదర్స్ నెట్,” అంది.

వెనక బెంచీలో ఎవరో కిసుక్కుమన్నారు. చెప్పాల్సిన మాట అది కాదు కదా అని మేడమ్ గుర్తుచేసింది. గౌరికి సిగ్గేసింది. అయినా కూర్చోలేదు.

“ఆ మాట సెప్పడానికి ఇంకా పని ఉండిపోయినాది మేడమ్. వలంతా తీసినాక సెప్తాను.”

సాయంత్రం బెల్లు కొట్టగానే పిల్లలంతా ఆటకి పరిగెత్తారు. గౌరి ఇంటికి పరిగెత్తింది. అరుగు మీద వల పరిచి ఉంది. తాత పక్కన ఆమెకు చోటు వదిలి కూర్చున్నాడు.