నోరులేని పసుపు

"తొమొయె, ఈ పసుపు రంగు నీ వంతు. దీని పేరు, ఆ పేరు ఎలా వచ్చిందో చెప్పమ్మా." బొమ్మల క్లాసులో కురాషినా టీచర్ రంగు అట్ట పైకెత్తారు.

తొమొయె లేచి నిలబడింది. "కు... కు..."

"కుచినాషి!" వెనక బెంచీలోంచి సుజునె అరిచేసింది. వాళ్ల అమ్మమ్మ బట్టలకు రంగులు అద్దుతుంది. పాత రంగుల పేర్లన్నీ ఈ పిల్లకు కంఠతా వచ్చు. "ఈ రంగు తీసే కాయ పేరే రంగుకూ పెట్టారు, టీచర్. 'కుచి' అంటే నోరు, 'నాషి' అంటే లేదు. కాయ పండినా పగలదు, నోరు తెరవదు!"

అక్కడితో ఆగినా బాగుండేది. నరం లేని నాలుక ఆగుతుందా?

"అచ్చం మన తొమొయె లాగే!"

క్లాసంతా పకపకా నవ్వింది. తొమొయెకు మాట తడబడుతుంది. ఏప్రిల్‌లో ఈ బడిలో చేరినప్పటి నుంచి క్లాసులో మాట్లాడటానికి లేవడం అదే మొదటిసారి. గమ్మున కూర్చుండిపోయింది.

టీచర్ కోప్పడ్డారు. ఏం లాభం? మధ్యాహ్నం భోజనాల దగ్గరే వెక్కిరింత మొదలైంది. "కుచినాషీ, సూప్ పొయ్యనా? తాగడానికి నోరుండాలిగా!" అన్నాడు ఆ రోజు వడ్డించే వంతు వచ్చిన క్లాసు పిల్లాడు ఇతారు.

సుజునె ఇంటికెళ్లి ఇదంతా గొప్పగా చెప్పింది. అమ్మమ్మ నవ్వలేదు. రంగునీళ్లలో పట్టుగుడ్డ తిప్పుతున్న ఆమె చేతులు ఆగిపోయాయి.

"గుడ్డను ముంచాలంటేనే నేను పదిసార్లు ఆలోచిస్తానే. నువ్వు ఓ పిల్లను ముంచేసి వచ్చావు. ఆ రంగెలా వదిలిస్తావు?"

"సారీ చెప్తాలే అమ్మమ్మా."

"చెప్పు. వదిలితే నాకూ చెప్పు."

మర్నాడు సుజునె క్లాసు ముందు నిలబడింది. "ఆ పేరు పెట్టింది నేనే. తప్పు నాది. ఇంక అలా పిలవకండి."

"అబ్బో, చెప్పొచ్చావులే!" అన్నాడు ఇతారు. ఆ రోజంతా తొమొయెను ఆ పేరుతోనే పిలిచారు.

బడి వదిలాక, బూట్ల అరల దగ్గర సుజునె ఆమెను ఆపింది. "సారీ తొమొయె. మనం ఫ్రెండ్స్‌గా ఉందామా?"

"నే... నేను..."

ఏం చెప్పబోతుందో సుజునెకు అర్థమైపోయింది. ఆ మాట తనే అందించేయాలని నాలుక చివరిదాకా వచ్చింది. మింగేసింది.

"ఆ రంగు గు... గురించి చెప్పాలని వా... వారం రోజులు ప్రాక్టీసు చేశాను. నువ్వు చె... చెప్పేశావు. నేను నీతో మా... మా..."

సుజునెకు ఏడుపు ముంచుకొచ్చింది. అయినా మాట అందించలేదు. కదలకుండా నిలబడింది.

"...మాట్లాడను."

"సరే" అంది సుజునె, ఆ మాట పూర్తయ్యాక.