ఆపరేషన్ ద్రాక్షరసం

"నిన్నే ఎంచుకోడానికి ఒకటే కారణం. నీకు మేకప్ అక్కర్లేదు," అన్నాడు చీఫ్.

ఏజెంట్ ఆవగింజకు అరికాలి మంట నెత్తికెక్కింది. ఆ కోడ్‌నేమ్ కూడా చీఫ్ పెట్టిందే, వేడి నూనెలో పడ్డట్టు ఎప్పుడూ చిటపటలాడుతుంటాడని. టైమ్ బాంబు వైర్లు కళ్ళు మూసుకుని విప్పగలడు. కదిలే రైలు మీంచి దూకి బట్టలు దులుపుకుని నడిచిపోయినవాడు. అవన్నీ గంగలో కలిపి, భార్య పోయాక సీసా పట్టుకుని నానా చావూ చచ్చి వదిలించుకున్నాడన్న ఒక్క అర్హత మీద మిషన్ ఇస్తున్నారు.

"తాగుబోతుగా నటించేవాళ్ళు డిపార్ట్‌మెంట్‌లో లేరా సార్?"

"నటిస్తే అక్కడివాళ్ళు గుమ్మంలోనే పట్టేస్తారు. కూర్చో."

ప్రొజెక్టర్ వెలిగింది. తెర మీద బట్టతల, భయం నిండిన కళ్ళు. ఆర్కిడ్ అనే విదేశీ ముఠాకు నిద్రమాత్రల ముసుగులో మత్తుమందు తయారుచేసిన కెమిస్టు. తన మాత్రలకు తానే బానిసై, చివరికి పారిపోయి వచ్చి ఒక చర్చి నడిపే డీ-అడిక్షన్ హోమ్‌లో దాక్కున్నాడు. సోమవారం కోర్టులో నోరు విప్పితే ఆర్కిడ్ వేళ్ళతో సహా లేచిపోతుంది.

"ఇప్పుడే ఎత్తుకొచ్చేద్దాం సార్."

"రాడట. ఆదివారం ప్రభువు బల్లలో రొట్టె, రసం పుచ్చుకుంటేగానీ గడప దాటనని మొండికేశాడు. ఈలోపు ఆర్కిడ్ వాణ్ణి లేపేస్తుంది. ఎలాగో తెలీదు. లోపల మన మనిషి ఉంది, పియానో వాయిస్తుంది. ఆర్కిడ్ జీతం, మన జీతం రెండూ తీసుకుంటుంది."

"అలాంటప్పుడు మన మనిషి అని ఎలా అంటారు?"

"అది తేల్చడానికే నువ్వు."

టెక్నికల్ సెక్షన్‌లో స్క్రూడ్రైవర్ అని అందరూ పిలిచే ముసలాయన రెండు వస్తువులు చేతిలో పెట్టాడు. ట్రాన్స్‌మిటర్ దాచిన సిలువ లాకెట్ ఒకటి. తుపాకి మందు, పేలుడు పదార్థం ఏది దగ్గరికొచ్చినా ఎర్రగా మెరిసే పెన్ను ఒకటి. ఆవగింజ లాకెట్ మెడలో వేసుకుని చొక్కా లోపలికి తోసేశాడు. భార్య శవపేటిక చర్చి మెట్లు దిగిన రోజు తన సిలువ తీసి జేబులో వేసుకున్నాడు. ఆ తర్వాత దేవుడితో మాటల్లేవు. 'నువ్వు ఆమెను కాపాడలేదు, నేను నీ గడప తొక్కను' అన్నదే ఆఖరి మాట. ఇప్పుడు డ్యూటీ పేరుతో తొక్కాల్సి రావడం పుండు మీద కారం చల్లినట్టుంది.

హోమ్‌లో అడుగుపెట్టగానే వార్డెనక్క అతని సంచి బోర్లించింది. షేవింగ్ లోషన్, మౌత్‌వాష్, దగ్గుమందు అన్నీ బుట్టలోకి పోయాయి.

"దగ్గుమందు కూడానా అక్కా?"

"సెంటు సీసా కూడా గేటు దాటదు తమ్ముడూ. అందులో ఉండే చుక్క చాలు, మీవాళ్ళు మళ్ళీ మొదటికి రావడానికి."

ఆ చర్చి పాస్టరుగారిని అందరూ అయ్యగారు అంటారు. ఆయనా ఒకప్పుడు రోడ్డు పక్కన పడిపోయినవాడే. బల్ల కోసం నల్లద్రాక్షపళ్ళు ఆయనే స్వయంగా పిండి, వడగట్టి, పులియకుండా కాచి చల్లారుస్తాడు.

"అసలు వైన్ వాడరా అయ్యగారూ?"

"పళ్ళరసమే బాబూ. ప్రభువు అర్థం చేసుకుంటాడు. మావాళ్ళ నరాలు అర్థం చేసుకోవు."

ఆవగింజకు పడ్డ పని, బల్ల దగ్గర పంచే చిన్న గాజు గ్లాసులు కడగడం. శిక్షణ పొందిన గూఢచారి సింకు ముందు పీచు పట్టుకుని నిలబడ్డాడు. తుడవడానికి గుడ్డ పట్టుకుని పియానో మేడమ్ వచ్చింది. వెలిసిన నూలుచీరలో కూడా ఆమె నడిచివస్తే చేతిలో పని ఆగిపోతుంది.

"పియానో శ్రుతిలో ఉందా?" అన్నాడు, కోడ్ ప్రకారం.

"నల్లమెట్లే మొరాయిస్తున్నాయి," అందామె. కోడ్ సరిపోయింది.

"ఎప్పుడు?"

"ఆదివారం, ఆరాధనలో."

"ఎలా?"

"చెప్పలేదు. ఈమధ్య నాకేదీ చెప్పడం లేదు."

"నన్ను నమ్మమంటారు?"

ఆమె గ్లాసు తుడవడం ఆపింది. "మా తమ్ముడు వాళ్ళ మాత్రలే మింగి పోయాడు. బాత్రూమ్ తలుపు పగలగొట్టింది నేనే. వాడు పోయాక ఈ పియానో ముందు కూర్చుంటేనే ఊపిరాడుతోంది. నమ్మడం, మానడం మీ ఇష్టం."

గుడ్డ అతని భుజం మీద పడేసి వెళ్ళిపోయింది. ఆవగింజ ఆమెను నమ్మలేదు. కానీ ఆమె మళ్ళీ వస్తే బాగుండుననుకున్నాడు, అందుకు తన మీద తనకే ఒళ్ళు మండింది. చీఫ్‌కు రిపోర్ట్ చేద్దామని లాకెట్ నొక్కితే లోపల్నించి రేడియోలో టైర్ల ప్రకటన వినిపించింది. ఎన్నిసార్లు నొక్కినా అవే టైర్లు. పెన్ను చూస్తే ఫినాయిల్‌కు కూడా ఎర్రబడుతోంది.

వీటన్నిటినీ మించిన చికాకు ఇంకొకటుంది. తాగుడు మానాడన్నమాటేగానీ వాసన వదల్లేదు. కుర్చీల పాలిష్‌లో, మగ్గిన అరటిపండులో, భార్య ఫొటో జేబులోంచి తీసిన ప్రతిసారీ, లేని సారా వాసన ముక్కుకు తగిలేది. పక్కమంచం మేస్త్రి దగ్గర ఒకసారి నోరు జారాడు.

"నాకూ వస్తుందిలే," అన్నాడు మేస్త్రి గొంతు తగ్గించి. "వచ్చినప్పుడు కళ్ళు మూసుకుని స్తోత్రం చెప్పుకో. ఎవరితోనూ అనకు. అయ్యగారు బాధపడతారు."

ఆదివారం వచ్చింది. చర్చి చుట్టూ మేడల మీద మన షూటర్లు, తలుపుల దగ్గర మన మనుషులు. అందరి కళ్ళూ తుపాకి కోసమే. కెమిస్టును ముందు బెంచీలో కూర్చోబెట్టి ఒక పక్క ఆవగింజ, ఇంకో పక్క మేస్త్రి కూర్చున్నారు. పొరుగు సంఘం నుంచి వచ్చిన పెద్దమనిషి ఒకాయన, తెల్లచొక్కా, మెత్తని మాట, పళ్ళెం పంచడంలో సాయం చేస్తానని వేదిక వెనక గదిలోకి వెళ్ళాడు. ఆవగింజ పెన్ను ఆయన పక్కగా పోనిచ్చాడు. మెరవలేదు.

రొట్టె అయింది. రసం గ్లాసులు చేతికొచ్చాయి. ఆ సంఘంలో ఎవరికి వారు తాగరు. అందరికీ అందేదాకా పట్టుకుని ఉండి, అయ్యగారి ప్రార్థన అయ్యాక ఒక్కసారే పుచ్చుకుంటారు. పియానో మేడమ్ కూడా మెట్ల మీంచి చేతులు తీసి తన గ్లాసు పట్టుకుంది.

అయ్యగారు ప్రార్థన మొదలుపెట్టాడు. ఆవగింజ ముక్కుకు వాసన తగిలింది.

వైన్.

'మళ్ళీ మొదలైంది, దిక్కుమాలిన భ్రమ' అనుకున్నాడు. ఇక్కడ, ఈ బల్ల దగ్గర కూడానా? నోట్లో నీళ్ళూరాయి, కళ్ళల్లోనూ ఊరాయి. ఇంకో గొంతు మెల్లగా గోకింది: నిజంగానే వైనైతే మాత్రమేం? దేవుడి పేరు మీద తాగేదానికి నిన్నెవరడుగుతారు? ఒక్క గుక్క. ఆ గుక్క తర్వాత తను మళ్ళీ లేవలేడని అతనికి తెలుసు. చాలాకాలానికి దేవుడితో మాట్లాడాడు, అదీ కోపంగా. 'ఆమెను తీసుకుపోయావు, చాలదా? ఇదొక్కటైనా నా నెత్తిన పెట్టకు.'

తల వంచుకుని మేస్త్రి చెప్పినట్టు స్తోత్రం చెప్పుకోబోయాడు. వంచిన కళ్ళకు మేస్త్రి చెయ్యి కనిపించింది. గ్లాసులో రసం గడగడ వణుకుతోంది. మేస్త్రి కళ్ళు బిగించి మూసుకున్నాడు. అతని పక్కవాడి చెయ్యీ వణుకుతోంది, ఆ పక్కవాడిదీ. బెంచీ పొడుగునా ప్రతి గ్లాసూ వణుకుతోంది, ఒక్క కెమిస్టుది తప్ప. అతను మాత్రల మనిషి, తాగుడు ఎరగడు.

ఒకడికైతే భ్రమ. బెంచీ మొత్తానికి భ్రమా?

"ఆమెన్," అన్నాడు అయ్యగారు. గ్లాసులన్నీ లేచాయి.

"తాగకండి!"

చర్చి కప్పు అదిరింది. ఆవగింజ ఒక చేత్తో కెమిస్టు పెదవుల మీంచి గ్లాసు ఎగరగొట్టాడు. "ఎవరూ తాగకండి! ఇది మన రసం కాదు! పియానో, గ్లాసు కింద పెట్టు!"

ఆమె గ్లాసు అప్పటికే పెదవికి ఆనింది. ఉలిక్కిపడి కింద పెట్టింది. తెల్లచొక్కా పెద్దమనిషి చేతిలో మాత్రం గ్లాసే లేదు. పక్కతలుపు వైపు పరుగందుకున్నాడు. మేడమ్ చటుక్కున లేచి, తను కూర్చున్న స్టూలును కాలితో తన్నింది. అది సరిగ్గా అతని మోకాళ్ళకు తగిలింది. బోర్లాపడ్డవాడి వీపు మీద మేస్త్రి బైఠాయించాడు.

కెమిస్టు బెంచీ మీద ఒలికిన చుక్కను వేలితో తడిమి పాలిపోయాడు. "ఇందులో కలిపిన విషం నేను చేసిందే. నీళ్ళలో కరగదు, ఆల్కహాల్‌లోనే కరుగుతుంది. చర్చి కదా, వైన్ ఉంటుందిలే, ఎవడికీ అనుమానం రాదనుకున్నారు."

ఆవగింజ చిరాకంతా మేస్త్రి మీద పడింది. "వాసన వచ్చినప్పుడు నోరు తెరవచ్చుగా!"

"ఇవాళ నాకొక్కడికే అనుకున్నా తమ్ముడూ. సిగ్గేసింది."

బెంచీలో తలలన్నీ ఒక్కొక్కటిగా ఊగాయి. అందరికీ వచ్చింది. ఎవరికి వారే తనలోని రోగమనుకుని, పక్కవాడికి తెలియనివ్వక, స్తోత్రాలు చెప్పుకుంటూ చావబోయారు.

అయ్యగారు వేదిక మెట్టు మీద కూలబడ్డాడు. "నాకూ వచ్చింది బాబూ. నాలోని పాతవాడు లేచాడనుకున్నాను. ఇంతమందికి ఒకరితో ఒకరు చెప్పుకోండని బోధించేవాణ్ణి, నేనే చెప్పుకోలేకపోయాను."

ఆవగింజకు ఇంకెవరిని తిట్టాలో తెలియలేదు. భార్య పోయిన దుఃఖాన్ని తనూ ఇలాగే ఒంటరిగా పట్టుకుని వణికాడు. పక్క బెంచీలో అదే గ్లాసు పట్టుకున్నవాళ్ళున్నారని తల తిప్పి చూడలేదు.

బందీని వ్యాన్ ఎక్కించాక అయ్యగారు మళ్ళీ పళ్ళు పిండడానికి కూర్చున్నాడు. కెమిస్టు బల్ల పుచ్చుకునేదాకా కదలనని మళ్ళీ మొండికేశాడు. ఆవగింజ సింకు దగ్గర గ్లాసులు మరోసారి కడుగుతుంటే పియానో మేడమ్ గుడ్డ పట్టుకుని వచ్చింది.

"నేను వాళ్ళ మనిషిననే అనుకున్నారుగా?"

"మీ గ్లాసు పెదవికి తగిలేదాకా. మిమ్మల్ని కూడా చంపడానికే పోశారు." ఆగి, నీళ్ళలోకి చూస్తూ అన్నాడు, "అప్పుడు నాకు భయమేసింది. చాలాకాలమైంది ఒకరి కోసం భయపడి."

ఆమె కళ్ళు తుడుచుకుంది, గ్లాసు తుడవాల్సిన గుడ్డతోనే. "ఈసారి బెంచీ చివర్న చోటుంచండి. వాయించడం అయ్యాక వచ్చి కూర్చుంటాను."

ఉంచాడు. ఆమె పక్కన కూర్చుని అతను తాగింది ఉత్త పళ్ళరసమే. గొంతు దిగేటప్పుడు మాత్రం ఏడుపొచ్చింది, ఈసారి దాచుకోలేదు.

లాకెట్లో టైర్ల ప్రకటన ఆగి, చీఫ్ గొంతు వినిపించింది, పని అంతా అయిపోయాక. "శభాష్! విషం ఏ పరికరంతో పట్టావు? లాకెట్టా, పెన్నా? రిపోర్ట్‌లో రాయాలి."

"ముక్కు సార్," అన్నాడు ఆవగింజ. "నా సొంతది. ఏళ్ళ తరబడి ట్రైనింగ్ ఇచ్చుకున్నాను. డిపార్ట్‌మెంట్ ఒక్క పెగ్గుకు కూడా బిల్లు శాంక్షన్ చెయ్యలేదు."