గుడ్డిలాకు కింద దాచిన పేరు

ఆదివారం గోళ్ళు తీసుకోకూడదే అని వాళ్ళమ్మ బతికున్నన్నాళ్ళూ చెప్తూనే ఉండేది. శాంభవి వింటే గదా! సత్యనారాయణపురంలో వాళ్ళింటి వరండా మెట్ల మీద కూర్చుని ఎడమచేతి గోళ్ళన్నీ టకటకా కత్తిరించేసింది. కుడిచెయ్యి మొదలుపెట్టేలోపే వీధిలోంచి కారు హారన్ మోగింది. నాన్న అప్పుడే కారు బయటికి తీసేశారు. నెయిల్ కట్టర్ కిటికీలో పడేసి లేచింది.

ఆ ఇంట్లో దుర్గాంబ గోళ్ళు మాత్రం ఎవరూ ఎప్పుడూ కత్తిరించలేదు. ఆ అవసరమే రాలేదు. ఆరేళ్ళుగా రోజూ ఆమె తలకి నూనె రాసి జడ వేసేది శాంభవే. ఆరేళ్ళలో ఒక్క వెంట్రుక రాలలేదు, ఒక్క అంగుళం పెరగలేదు. మొదట్లో వింతగా ఉండేది, తర్వాత భయంగా ఉండేది, ఆ తర్వాత అలవాటైపోయింది. మనిషికి ఏదైనా అలవాటైపోతుంది, అదేం పాడు బుద్ధో.

శాంభవి వారమంతా ఇంటర్ పిల్లలకి ఫిజిక్స్ చెప్తుంది. ఆదివారాలు నాన్నతో కలిసి దెయ్యాల పని. దెయ్యాల పని అంటే వాళ్ళ నాన్న అచ్యుతరామారావు గారికి ఒళ్ళు మండుతుంది. ఆయన సంస్కృతం లెక్చరర్‌గా రిటైరయ్యారు. వాళ్ళ వంశంలో నాలుగు తరాలుగా మంత్రశాస్త్రం ఉంది. ఎక్కడైనా పాత కట్టు వేసి ఉంటే, అంటే ఎవరో ఎప్పుడో మంత్రంతో దేన్నైనా బంధించి ఉంటే, దాన్ని విప్పడమే తను చేసేదంటారు. పైసా పుచ్చుకోరు. ఊళ్ళల్లో జనం మాత్రం తండ్రీ కూతుళ్ళని మంత్రగాళ్ళనే అంటారు, పైగా కాఫీలిచ్చి మరీ అంటారు.

పనిలో వాళ్ళకి ఒక నియమం ఉంది. ఎవరూ ఎవర్నీ పేరు పెట్టి పిలవకూడదు. అన్నిటికీ చప్పట్లే. ఒకసారి కొడితే బాగానే ఉన్నానని. రెండుసార్లు కొడితే వెంటనే బయటికి రమ్మని. ఆ అలవాటు ఇంట్లోకీ వచ్చేసింది. ఇంట్లో ఆయన కూతుర్ని ‘అమ్మలూ’ అంటారు. అసలు పేరు ఆయన నోటి వెంట వచ్చి ఎన్నేళ్ళయిందో ఆయనకే తెలీదు.

దుర్గాంబ దొరికింది ఆరేళ్ళ కిందట, కంకిపాడు దాటాక కాలవ గట్టు మీద. కాలవ నీళ్ళు ఆపే పాత లాకు మెట్ల మీద తడిబట్టలతో కూర్చుని ఉంది. ముప్ఫై ఏళ్ళుంటాయేమో. ఆయన కారాపి, ఎవరి తాలూకమ్మా మీరు అని అడిగారు. తెలీదంది. పేరడిగితే చాలాసేపు ఆలోచించి అదీ తెలీదంది. పోలీసులకి చెప్పారు, పేపర్లో వేయించారు, ఎవరూ రాలేదు. ఇంకో వింత, ఆమెని చూసినవాళ్ళు గంటలో ఆమెని మర్చిపోయేవాళ్ళు. చివరికి అచ్యుతరామారావు గారే జాలిపడి, పేరు గుర్తు లేకపోతే పోనీలే, మా అమ్మ పేరు పెట్టి పిలుస్తానన్నారు. దుర్గాంబ అని పిలిచిన దగ్గర్నుంచి మర్చిపోవడాలు ఆగాయి. ఆ ఇంట్లో మనిషయింది.

కానీ రోజూ సాయంత్రం దీపాలు పెట్టే వేళకి చేస్తున్న పని వదిలేసి గుమ్మంలోకి వెళ్ళి నిలబడేది. శాంభవి వెనకాలే వెళ్తే చిన్నగా అడిగేది.

“చెల్లీ... నన్నెవరైనా పిలిచారా?”

లేదక్కా అని చెప్పడం, ఆమె మొహం వాడిపోవడం. ఆరేళ్ళు, ప్రతి సాయంత్రం. శాంభవికి తోబుట్టువులు లేరు. ఈ అక్కంటే ఆమెకి ప్రాణం. ఎక్కడున్నా సరే ఆ పేరు వెతికి తెచ్చివ్వాలని ఆమె పట్టిన పట్టు.

దొరికింది, తమ అటక మీదే దొరికింది. అచ్యుతరామారావు గారి ముత్తాత రాసిన తాటాకులు అవి. ఆ లాకు కట్టేటప్పుడు గట్టుకి మూడేళ్ళు వరసగా గండి పడిందట. మట్టి మోసే కూలీల్లో ఒకామె పేరుని ముత్తాత రాగిరేకు మీద రాసి ఒక కుండలో పెట్టి, లాకు కింద తూములో పూడ్చాడట. పేరు పోయిన మనిషికి చావు రాదు, ఎవరికీ గుర్తుండదు. ఆ గట్టు వెంట తిరుగుతూ కాపలా కాస్తూనే ఉంటుంది. అది చదివి పెద్దాయన రెండు రోజులు అన్నం ముట్టలేదు. తన ఇంటి పాపం తనింట్లోనే అన్నం తింటోందని ఏడ్చారు.

విప్పే పద్ధతీ అందులోనే ఉంది. మూత తీసి రాగిరేకు బయటికి తియ్యాలి. వెంటనే మూత పెట్టెయ్యాలి. కుండని గట్టు మీదికి తెచ్చి పగలగొట్టాలి. రేకు మీద పేరు పెట్టి ఆమెని పిలవాలి. అంతే. ఒకటే జాగ్రత్త. ఖాళీ కుండ మూత తెరిచి ఉండగా అక్కడ ఎవరి పేరూ పలకకూడదు. పలికితే, ఆ పేరుగలవాళ్ళు బదులిస్తే, ఆ పేరు పట్టుకోడానికి కుండకి అది చాలు.

జూన్ మొదటివారం. వేసవిలో కాలవలకి నీళ్ళు కట్టేస్తారు కాబట్టి అడుగు కనబడుతుంది. ఇంకో రోజు ఆగితే నీళ్ళు వదిలేస్తారు, మళ్ళీ ఏడాది దాకా తూము కనపడదు. కాలవ పని చూసే లస్కరు ఏసుపాదం ఫోన్లో, సాయంత్రం ఆరింటి దాకా నీళ్ళు రావండీ, నాదీ పూచీ అన్నాడు.

వాళ్ళు చేరేసరికి మిట్టమధ్యాహ్నం. ఎండ చుర్రుమంటోంది. ఆ లాకుని గుడ్డిలాకు అంటారు. తలుపులు ఎప్పుడో తుప్పుపట్టి బిగుసుకుపోయాయి. గట్టు మీద గేదె లేదు, మనిషి లేడు. కాలవ అడుగున బురద ఎండి పెంకులు పెంకులుగా లేచింది. అక్కడక్కడ మడుగుల్లో చచ్చిన చేపలు. కుళ్ళు కంపు, దాని అడుగున ఇంకేదో వాసన... తడిసిన బట్టలు మూలన పడేస్తే వచ్చే వాసన.

దుర్గాంబ మెట్ల మీద కూర్చుంది, ఆరేళ్ళ కిందట కూర్చున్న మెట్టు మీదే. ఎవరూ చెప్పలేదు.

తూములోకి పాకి వెళ్ళాలి. పెద్దాయన మోకాళ్ళు ఒప్పుకోవు. శాంభవి ఫోన్ లైట్ వేసుకుని దూరింది. లోపల ఎండ లేదు. చల్లగా ఉంది. మోచేతుల కింద బురద మెత్తగా దిగబడుతోంది. పైన ఇటుకల్లోంచి నీటిబొట్లు మెడ మీద పడుతున్నాయి. బయట నాన్న ఒకసారి చప్పట్లు కొట్టారు. ఆమె ఒకసారి కొట్టింది. తూము ఇంకోసారి కొట్టింది. ప్రతిధ్వనేలే అనుకుంది.

చివర్న గోడ వారగా, బురదలో సగం కూరుకుపోయి... కుండ. అరచేతిలో పట్టేంత చిన్నది. మూత చుట్టూ లక్క. వెంట తెచ్చుకున్న ఇనపచువ్వతో లక్క గీకింది. మూత ఊడింది. లోపల రాగిరేకు, చుట్టచుట్టి. రెండు వేళ్ళతో బయటికి లాగింది.

అప్పుడే మూత పెట్టెయ్యాల్సింది. ఆ సంగతి ఆమెకి తెలుసు. కానీ ఆరేళ్ళుగా వెతికిన పేరు చేతిలో ఉంటే చూడకుండా ఎలా ఉంటుంది చెప్పండి? కుండ ఒళ్ళో పెట్టుకుని, లైట్ దగ్గరగా పెట్టి రేకు విప్పింది. పాత అక్షరాలు. ఆ... దె... మ్మ. ఆదెమ్మ. పెదవులు కదపకుండా చదువుకుంది. ఆమె కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. మా అక్క పేరు ఆదెమ్మ అనుకుంది.

బయట సంగతి ఆమెకి తెలీదు. ఏసుపాదం గట్టు మీద బండి మీద అరుస్తూ వస్తున్నాడు. పైన ఎవరో తొందరపడి నీళ్ళు పొద్దున్నే వదిలేశారట. అచ్యుతరామారావు గారు తలెత్తి చూసేసరికి కాలవ మలుపులో ఎర్రటి నురగ కనిపించింది.

రెండుసార్లు చప్పట్లు కొట్టారు. మళ్ళీ కొట్టారు. హోరులో ఆయనకే వినపడలేదు. అమ్మలూ అని అరిచారు. తూములోంచి బదులు లేదు. నీళ్ళు ఆయన పిక్కల దాకా వచ్చాయి. కన్నకూతురు లోపలుంది. ఆ క్షణంలో మంత్రం లేదు, శాస్త్రం లేదు, నియమం అసలే లేదు. పురిట్లో పెట్టిన పేరు గుండెల్లోంచి తన్నుకొచ్చింది.

“శాంభవీ!”

“ఆఁ... వస్తున్నా నాన్నా,” అంది ఆమె.

ఒళ్ళో కుండ ఒక్కసారి బరువెక్కింది. లోపలికి ఎవరో చిన్నగా ఊపిరి పీల్చినట్టు చప్పుడు. ఆమె గబుక్కున మూత పెట్టి గట్టిగా నొక్కింది. తనే నొక్కింది. ఫోన్ అక్కడే వదిలేసి వెనక్కి పాకింది. నీళ్ళు మొహానికి కొట్టాయి. ఒక చేతిలో రేకు, ఒక చేతిలో కుండ. తూము నోటి దగ్గర పెద్దాయన కండువా అందించారు. పట్టుకోవాలంటే ఒక చెయ్యి ఖాళీ చెయ్యాలి. అక్క పేరు ఎలా వదుల్తుంది? కుండ వదిలేసింది.

“జాగ్రత్తమ్మా... మెల్లగా,” అంటూ ఆయన పైకి లాగారు. రేకు తీసుకుని మెట్ల దగ్గరికి వెళ్ళారు. దుర్గాంబ లేచి నిలబడింది. ఆయన చేతులు జోడించి పిలిచారు.

“ఆదెమ్మా.”

ఆమె మొహంలోకి వచ్చిన వెలుగు ఇంకెవరి మొహంలోనూ చూడం. “ఆఁ... వస్తన్నా, వస్తన్నా,” అంది, ఎవరికో, కాలవ అవతలికి చూస్తూ. అంతలో ఆమె చూపు తడిసి ముద్దయి నిలబడ్డ చెల్లెలి మీద పడింది. వెలుగు ఆరిపోయింది. దగ్గరికొచ్చి బుగ్గ పట్టుకుంది.

“చెల్లీ... నీ పేరేంటే? నిన్నేమని పిలవాలే...?”

బుగ్గ మీద వేళ్ళు బరుకుగా తగిలాయి. గోళ్ళు. పెరుగుతున్నాయి... వంకర్లు తిరుగుతున్నాయి. జుట్టు మోకాళ్ళు దాటింది, తెల్లబడింది, ఊడింది. కళ్ళు మాత్రం చివరి దాకా ఆమెనే చూశాయి. తర్వాత చీర మెట్టు మీద కుప్పగా పడింది. చీరలో దోసెడు ఒండ్రుమట్టి.

అచ్యుతరామారావు గారు చాలాసేపు ఏడ్చారు. ఏడ్చి, మట్టికి దణ్ణం పెట్టి, కళ్ళు తుడుచుకుని వెనక్కి తిరిగారు. తడిబట్టలతో నిలబడ్డ అమ్మాయిని చూసి ఆగిపోయారు. కొత్త మనిషిని చూసినంత మర్యాదగా చూశారు.

“ఎవరి తాలూకమ్మా మీరు? నీళ్ళల్లో ఎలా పడ్డారు?”

ఆమె నాన్నా అనబోయింది. ఎందుకనాలో తెలీలేదు. ఈయన్ని ఎక్కడో చూసినట్టుంది, అంతే. పేరు చెప్పబోయింది. నోరు తెరిచింది. మెట్టు ఉందనుకుని కాలు వేస్తే మెట్టు లేనట్టయింది. బండి దగ్గర నిలబడ్డ ఏసుపాదం దగ్గరికొచ్చాడు. ఈ అమ్మాయి ఎవరని ఆయన అడిగితే నేనూ ఇప్పుడే చూడ్డమండీ అన్నాడు.

ఇంతసేపూ పేరు పెట్టి చెప్పుకొచ్చిన మనిషిని ఇప్పుడు ‘ఆమె’ అంటున్నానంటే నన్నేం చెయ్యమంటారు. నాకూ నోటికి రావడం లేదు.

పెద్దాయన కండువా ఆమె భుజాల చుట్టూ కప్పారు. ఆయనది మొదట్నుంచీ జాలిగుండె.

“పేరు గుర్తు లేకపోతే పోనీలే తల్లీ. మా అమ్మ పేరు దుర్గాంబ. ఆ పేరు ఇప్పుడే ఖాళీ అయింది. నిన్నలా పిలవనా?”

“సరేనండీ,” అంది ఆమె.

ఇంటికి తీసుకెళ్ళారు. మేడ మీద గది చూపించి, ఇది ఎవరి గదో గుర్తు రావడం లేదమ్మా, వాడుకో అన్నారు. బల్ల మీద ఫిజిక్స్ పుస్తకాలు, దిద్దని పేపర్ల కట్ట. గోడకి కాలేజీ ఐడీ కార్డు వేలాడుతోంది. అందులో ఫొటో ఆమెదే. కింద పేరు ఉంది. అక్షరాలు ఒక్కొక్కటీ తెలుస్తున్నాయి. కలిపి చదవబోతే నాలిక తిరగలేదు.

రోజూ దీపాలు పెట్టే వేళకి ఆమె గుమ్మంలోకి వెళ్ళి నిలబడుతుంది. వెనకాలే అచ్యుతరామారావు గారు వస్తారు.

“నన్నెవరైనా పిలిచారాండీ?”

లేదు తల్లీ అంటారాయన. నీ పేరు ఎక్కడున్నా వెతికిస్తానని మాటిస్తారు. ఇచ్చిన మాట తప్పే మనిషి కాదు, రాత్రింబగళ్ళు ఆ తాటాకులే తిరగేస్తున్నారు. గుడ్డిలాకు కుండ సంగతి మాత్రం ఆయనకి తట్టదు. దాన్ని ఖాళీ చేసింది తనేనని ఆయన నమ్మకం.

వచ్చిన మర్నాడు పొద్దున్న కిటికీలో నెయిల్ కట్టర్ కనిపించింది ఆమెకి. చేతులు చూసుకుంది. ఎడమచేతి గోళ్ళు పొట్టిగా ఉన్నాయి. కుడిచేతివి కొంచెం పెరిగి ఉన్నాయి. రెండూ సమానం చేద్దామని కుడి బొటనవేలి గోరు కత్తిరించి, తలుపు చప్పుడైతే లేచి వెళ్ళింది. తిరిగొచ్చి చూసుకుంటే ఆ గోరు కత్తిరించినట్టే లేదు.

ఏడాది దాటింది. ఎడమచేతివి పొట్టిగానే ఉన్నాయి. కుడిచేతివి అంతే ఉన్నాయి.