పల్లీ లేని పల్లీ సాస్

శనివారం. మధ్యాహ్నం 12:47.

అమెరికాలోని డులూత్‌లో, సరస్సు ఒడ్డు ఇంట్లో, అరవై ఏడేళ్ల ఆర్విడ్ లిండ్‌క్విస్ట్ నూడుల్స్ రెండు ముద్దలు తిని వంటింటి నేల మీద పడిపోయాడు.

డోరీన్ 12:49కి అతని తొడలో అలర్జీ ఇంజెక్షన్ పొడిచింది. అంబులెన్స్ 12:56కి వచ్చింది. ప్రాణం ఉంది. ఊపిరి మాత్రం మెషిన్‌ది.

ఆర్విడ్‌కి పల్లీలు పడవు. చిన్నప్పటినుంచీ అంతే. నూడుల్స్ మీద పోసిన సాస్‌లో ఉన్నది పల్లీలేనని ఆదివారం పొద్దున ల్యాబ్ తేల్చింది.

వండింది డోరీన్. మూడేళ్లుగా ఆర్విడ్‌తో కలిసి ఉంటోంది. పెళ్లి చేసుకోలేదు. అదే కొంప ముంచింది. కాగితాల ప్రకారం ఆమె అతనికి ఏమీ కాదు. కూతురు సిగ్రిడ్ ఒక్క మాట చెప్పింది, ఐసీయూ తలుపు డోరీన్‌కి మూసుకుపోయింది.

ఆదివారం సాయంత్రం 5:00కి ఊపిరి గొట్టం తీస్తామన్నారు డాక్టర్లు. తీశాక ఊపిరి అందుతుందో లేదో వాళ్లకే తెలీదు.

సార్జెంట్ మార్వా టోలెఫ్సన్‌కి కాలు నిలవడం లేదు. నాలుగున్నరకల్లా అరెస్టో కాదో తేల్చమని పైనుంచి ఫోన్. అప్పుడు టైము ఆదివారం మధ్యాహ్నం 1:30. ఆమె డోరీన్ వంటింట్లో ఉంది.

“సాస్ ఎలా చేశారో మొదట్నుంచి చెప్పండి.”

“అదేమన్నా బ్రహ్మవిద్యా? అయిదు నిమిషాల పని. పొద్దుతిరుగుడు గింజలు రుబ్బిన బటర్ అర కప్పు. సోయా సాస్, నిమ్మరసం, చెంచాడు చక్కెర. అల్లం, వెల్లుల్లి తురుము. కాస్త కారం సాస్. వేడినీళ్లు పోసి గిలక్కొట్టడమే. థాయ్ రుచి వస్తుంది. అందరూ పీనట్ బటర్‌తో చేస్తారు, నేను ఈయన కోసం ఇలా చేస్తా.”

“నిన్న వాసన తేడా తెలీలేదా?”

“కోవిడ్ వచ్చిపోయాక నా ముక్కు పనిచేయదు. నాలుకా అంతంతే. ఆయనంటారా, పల్లీ రుచి ఎలా ఉంటుందో కూడా తెలీదు.”

“రంగు?”

డోరీన్ ముఖం మాడిపోయింది. “ఎప్పుడూ బూడిదగా వచ్చేది. నిన్న బంగారంలా వచ్చింది. కారం సాస్ ఎక్కువైందిలే అనుకున్నా. నా కళ్లకేమొచ్చింది?”

శనివారం నాలుగింటికి పోలీసులు పట్టుకెళ్లిన సీసా ఫొటో మార్వా బల్ల మీద పెట్టింది. పైన పొద్దుతిరుగుడు లేబుల్. లోపల పీనట్ బటర్. మూత మీద టేపు పీకిన జిగురు.

“టేపు ఎవరు పీకారు?”

“నేనే.”

“ఎందుకు?”

“ఊరికే.”

“సీసా ఎవరు తెచ్చారు?”

డోరీన్ లేచి శుభ్రంగా ఉన్న సింకునే మళ్లీ తుడిచింది. “నేనే అని రాసుకోండి. అయిదింటికి ఒక్కసారి ఆయన దగ్గరికి పంపిస్తారా?”

ఇంత చేతకాని అబద్ధం మార్వా తన ఉద్యోగంలో వినలేదు. ఎవరి కోసం?

2:40. సిగ్రిడ్ ఇల్లు.

“ఆవిణ్ణి వదిలేసి నా చుట్టూ తిరుగుతారేంటి?”

“నిన్న లంచ్‌కి మీరెందుకు వెళ్లలేదు?”

“చర్చి పిల్లలకి బిస్కెట్లు చేస్తున్నా. ఒక చెవిలో ఫోను, ఒక చేత్తో పిండి. ఓవెన్లోంచి తీశానో లేదో కబురొచ్చింది. పొద్దున చూస్తే అన్నీ బూజు.”

“ఒక్క రోజుకే?”

మార్వా చెత్తబుట్టలోంచి ఒకటి తీసి విరిచింది. పైన గోధుమ రంగు. లోపల ఆకుపచ్చ. ముక్కు దగ్గర పెట్టుకుంది. దాల్చినచెక్క వాసన తప్ప బూజు వాసన లేదు. నూగు కూడా లేదు.

“ఇందులో ఏం వేశారు?”

“పీనట్ బటర్. నాన్న ఇంటికి తీసుకెళ్లను లెండి.”

“సీసా తెండి.”

అదే లేబుల్. అదే సైజు.

“లేబుల్ చూసి కంగారు పడకండి. ఖాళీ సీసాలు పారెయ్యడం మా ఇంటావంటా లేదు. శుక్రవారం శుక్రవారం సహకార కొట్టుకి పట్టుకెళ్లి, మిషన్లో గింజలు ఆడించి నింపుకొస్తా. నాన్నకొకటి, నాకొకటి. మూత మీద టేపు వేసి కొట్లో ఆ గింజకుండే నంబరు రాస్తా. నా పల్లీలకి నలభై, నాన్న పొద్దుతిరుగుడుకి నలభై ఒకటి.”

“ఈ మూత మీద ఎంతుంది?”

సిగ్రిడ్ చూసింది. టేపు మీద తన చేతిరాతే. నలభై ఒకటి.

4:20. ఐసీయూ బయట గది. మార్వా ఇద్దరినీ ఎదురెదురుగా కూర్చోబెట్టింది.

“పొద్దుతిరుగుడు బటర్‌లో వంటసోడా వేసి కాలిస్తే, చల్లారాక లోపల పచ్చబడుతుంది. అది బూజు కాదు. పీనట్ బటర్ అలా పచ్చబడదు. అంటే నాన్న సీసా కూతురి ఇంట్లో ఉంది, కూతురి సీసా నాన్న అల్మరాలో ఉంది. శుక్రవారం కూతురి సంచిలో రెండూ ఒకేలా ఉన్నాయి. చెయ్యి ఒకటి బదులు ఇంకోటి తీసింది. కుట్ర లేదు. అరెస్టూ లేదు.”

ఆమె డోరీన్ వైపు తిరిగింది. “డాక్టరు పల్లీ అనగానే మీకు అర్థమైంది. మేం వచ్చేలోపు ఇంటికెళ్లి ఈ అమ్మాయి చేతిరాత ఉన్న టేపు పీకేశారు. అవునా?”

డోరీన్ తలొంచుకుంది.

“ఎందుకు చెప్పలేదు మీరు?” అడిగింది సిగ్రిడ్. “నేను మిమ్మల్ని హంతకురాలన్నాను. తలుపు దగ్గర్నుంచి గెంటించాను.”

“చెబితే, ఆయన దక్కకపోతే, నువ్వు ఎలా బతుకుతావే? నన్నంటే అన్నావ్. నేను పడగలను.”

సిగ్రిడ్ ఏడ్చింది. సిగ్గుతో, భయంతో, మొహం దాచుకోకుండా ఏడ్చింది.

4:55. నర్సు వచ్చింది. “ఒక్కరే రావాలి. ఎవరు?”

సిగ్రిడ్ మెడలోని విజిటర్ కార్డు తీసి డోరీన్ చేతిలో పెట్టింది. “ఈవిడ.”

“ఈవిడ పేషెంటుకి ఏమవుతారు?”

“మా నాన్న మనిషి. పంపండి.”

5:05. 5:10. మార్వా కూర్చోలేక కిటికీకీ తలుపుకీ మధ్య తిరిగింది. ఆమె డ్యూటీ ఎప్పుడో అయిపోయింది. ఇంటికి వెళ్లాలనిపించలేదు.

5:14కి తలుపు తెరుచుకుంది. డోరీన్. కళ్లు తడిసి ఉన్నాయి.

“ఊపిరి తీస్తున్నారు. సొంతంగా. నిన్నే అడుగుతున్నారు, వెళ్లు.”

సిగ్రిడ్ లేవలేదు. “ఎలా జరిగిందని అడిగారా?”

“అడిగారు.”

“ఏం చెప్పారు?”

“సిగ్రిడ్ చెబుతుందన్నాను.”

కార్డు మళ్లీ చేతులు మారింది. సిగ్రిడ్ లోపలికి వెళ్లి, తలుపు తనే వేసుకుంది.